చింత దుంగలో మేకు

చిత్తూరు, 1946. ఆషాఢ శుక్రవారం.

పొద్దున తులసికి నీళ్లు పోసి నామాలు చదువుకుంటా ఉంటే, మా కోతమిల్లు షెడ్డులో ఆయిలింజను ఎప్పటిలాగే మొదలైంది. పెద్ద తమ్ముడు చింత దుంగను రంపపు మిషనుకు ఎక్కించినాడు. నామాలు ముగిసేలోపలే రంపం ఒక్క అరుపు అరిచి ఇరుక్కుపోయింది. విరిగిన రంపం పన్ను ఎగిరొచ్చి తమ్ముడి కంట్లో తగిలింది.

పనివాళ్లు ఇంజను ఆపి, బెల్టు జార్చి, కోతలో చెక్కముక్క దిగ్గొట్టి దుంగను వెనక్కి లాగినారు. లోపల వేలంత మేకు. దానికి చుట్టిన ఆడమనిషి జుట్టు.

ఆ చెట్టు అమ్మింది చిన్నాయన కొడుకు గంగాధరం. పెండ్లానికి పట్టిన దయ్యాన్ని కట్టెయ్యను, ఆమె జుట్టు చుట్టి మంత్రగాడితో ఆ చెట్టుకే మేకు కొట్టించిందీ వాడే. మధ్యాహ్నం తమ్ముణ్ణి చూడను వచ్చినాడు.

"చెప్పను మర్చిపోయినానక్కా. దయ్యానికి మీ రంపమే దొరికిందే" అని నవ్వినాడు. మజ్జిగ ఇచ్చి పంపినాను.

కన్ను నిలుస్తుందో లేదో సోమవారం కట్టు విప్పితే గాని చెప్పలేనన్నాడు డాక్టరు. తమ్ముడి కోసం స్వామికి మొక్కుకున్నాను. గంగాధరం తలపుకొస్తే నోట మంచిమాట రాలేదు...

సాయంత్రం అందరం కూర్చున్నాం. పంచాయితీ పెడదామన్నాడు చిన్న తమ్ముడు. వద్దన్నాను.

"వాడి కొత్తింటి గడప మనమే గదా చేసేది. ఈ దుంగతోనే చెయ్యండి. రంగు పూస్తే తెలీదు."

చింతమాను ఇంటికి ఎవరూ వాడరు, అందులో ఇది దయ్యాన్ని దిగ్గొట్టిన మాను.

"ఆ గడపకు పసుపు రాసేది గంగాధరం పెండ్లాం గదా వదినా. ఆమె ఏం చేసింది?" అనింది పెద్ద మరదలు, మొగుడి తల ఒళ్లో పెట్టుకుని.

అయినా సోమవారం కట్టు విప్పినాక, కొత్త రంపం బిగించి ఆ దుంగలోనే గడప కొయ్యాలని తేల్చినాం.