బ్యాకప్‌లో లేని మాటలు

జూన్ 4

అక్క లాప్‌టాప్ ఇవాళ మళ్ళీ బిగుసుకుపోయింది.

బావ పాత స్నేహితుడు అక్కని చూడడానికి వచ్చాడు. బాగా లావయ్యాడు. అతను గుమ్మంలో ఉండగానే అక్క టైపింగ్ మొదలుపెట్టింది. అక్క టైపింగ్ అంటే, తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే వెలుగుతాయి. కావలసింది వెలిగినప్పుడు ఎడమ చూపుడువేలితో బటన్ నొక్కాలి. ఒంట్లో ఇంకా తన మాట వినేది ఆ వేలొక్కటే. నొక్కింది. తెర కదల్లేదు. మళ్ళీ నొక్కింది. అతను కాఫీ తాగి, నిట్టూర్చి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. సందు మలుపు తిరిగి ఉంటాడు, అప్పుడు పలికింది లాప్‌టాప్. లోపలికి రావాలంటే గోడ పగలగొట్టాలేమోనయ్యా, అని.

బావా నేనూ పడీపడీ నవ్వాం. అక్క నవ్వలేదు. ‘నేను జోకు పూర్తి చేసేసరికి జనం దిగిపోతున్నారు’ అని రాసింది.

జూన్ 5

అక్క కండక్టర్, బావ డ్రైవర్. ఇరవై ఏళ్ళు ఒకటే బస్సు. ఆవిడ రైట్ అంటే కదలాలి, హోల్డాన్ అంటే ఆగాలి. ఇంట్లోనూ అంతే.

జబ్బుతో గొంతు పోయి రెండేళ్ళు. ఈ సాఫ్ట్‌వేర్ పెట్టిన కొత్తలో వేలికి బలం ఉండేది, పొద్దస్తమానం వాగేది. అలా వాగీ వాగీ దానికి తన భాష నేర్పింది. ఇప్పుడు ‘ఏ’ నొక్కితే చాలు, కింద ‘ఏడ్చావులే’ అని వస్తుంది. ‘చి’ అంటే ‘చిల్లర మొహం’. మర్యాద మాట ఒక్కటి రాదు.

పాత హార్డ్‌డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ వేస్తే పరిగెడుతుందని మా ఆఫీసులో సిస్టమ్స్ చూసే అతను చెప్పాడు. ఉన్నదున్నట్టు క్లోన్ చేస్తే పాత చెత్తంతా వెంట వస్తుంది, ఓఎస్ ఫ్రెష్‌గా ఇన్‌స్టాల్ చేసుకోండి అన్నాడు. ఒకరి చేత చేయించడమెందుకు, నాకు చేతులు లేవా?

జూన్ 9, ఉదయం

ఫొటోలు, పాటలు, డాక్టర్ రిపోర్టులు, డౌన్‌లోడ్స్ అన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. ఎప్పటివో కరెంటు బిల్లులు కూడా వదల్లేదు. లాప్‌టాప్ బోర్లించి విప్పాను. పాత హార్డ్‌డిస్క్ ఇంకా వెచ్చగా ఉంది.

జూన్ 9, మధ్యాహ్నం

అయిపోయింది! ఓఎస్, అక్క సాఫ్ట్‌వేర్ అన్నీ కొత్తగా ఎక్కించాను. బటన్ నొక్కి తల తిప్పేలోగా తెర సిద్ధం. ఒక స్క్రూ మాత్రం మిగిలింది. నీ తలలోదేమో చూసుకో అన్నాడు బావ. అది అక్క అనాల్సిన మాట. అక్క కళ్ళతో నవ్వింది.

పాత డిస్క్ పారేయడమెందుకని ఒక కేస్‌లో బిగించి, ఫార్మాట్ కొట్టి, ఫొటోలన్నీ మరో కాపీ అందులో పెట్టి బావ చేతికిచ్చాను. ఒకే దెబ్బకు రెండు పిట్టలు. నా భుజం నేనే తట్టుకున్నాను.

జూన్ 9, సాయంత్రం

అక్క ‘ఏ’ నొక్కింది. ఏదైనా, ఏర్పాటు, ఏకాగ్రత అని వచ్చాయి.

నా వైపు చూసింది.

జూన్ 10

నేర్చుకున్న మాటలన్నీ ఆ సాఫ్ట్‌వేర్ ఒక హిడెన్ ఫోల్డర్‌లో దాచుకుంటుందట. ఇవాళ తెలిసింది. కరెంటు బిల్లులు బ్యాకప్ తీశాను. మా అక్క మాటలు తీయలేదు.

జూన్ 12

డేటా రికవరీ షాపుకి డిస్క్ పట్టుకెళ్ళాను. పోయిన ఫైలు పేరేంటమ్మా అన్నాడు షాపతను. ఏం చెప్పను? ఫార్మాట్ చేసి ఊరుకున్నా ఆశ ఉండేదట, మీద ఇన్ని ఫొటోలు ఎక్కించేశారు కదా అన్నాడు. ఆ ఫొటోలన్నిట్లో అక్క నోరు తెరిచే ఉంటుంది, ఎవర్నో ఒకర్ని తిడుతూ.

బస్సెక్కకుండా నడిచి వచ్చాను. దారిపొడుగునా ఏడ్చాను.

జూన్ 16

అక్క నన్ను ఒక్క మాట అనలేదు. అనడానికి ఓపిక లేదు. మళ్ళీ మొదటినుంచి నేర్పాలంటే వేలు సహకరించదు. ఆ వేలు కూడా ఎంతో కాలం ఉండదని డాక్టర్ పోయిన నెలే చెప్పాడు. అందుకని కింద ఏ మాట కనిపిస్తే అదే నొక్కేస్తోంది.

ధన్యవాదాలు. చాలా బాగుంది. మీరు ఎలా ఉన్నారు?

పక్కింటావిడ తెగ మురిసిపోయింది. మీ అక్క ఎంత నెమ్మదిగా, పద్ధతిగా మాట్లాడుతోందో అంది. వెంటనే జవాబొస్తోంది కదా, ఇప్పుడే నయం అంది. ఆవిడ గొంతు పిసకాలనిపించింది.

జూన్ 21

బావ ఇవాళ కావాలని చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు. అక్క ముందు అటూ ఇటూ తిరిగాడు. పప్పులో ఉప్పు వేయకుండా తెచ్చి తినిపించాడు. గిన్నెలు ఎత్తి పడేసి చప్పుడు చేశాడు.

చాలా బాగుంది, ధన్యవాదాలు, అంది లాప్‌టాప్.

బావ పెరట్లోకి వెళ్ళి చొక్కా విప్పి సరిగ్గా తొడుక్కున్నాడు. నన్ను చూసి, ఎవరింట్లోనో ఉంటున్నట్టుంది అన్నాడు.

జూన్ 24

తెగించాను. అక్క నిద్రపోతున్నంతసేపూ ఆ సాఫ్ట్‌వేర్‌లో కూర్చుని టైప్ చేస్తున్నాను. ఏడ్చావులే, ఏడ్చావులే, ఏడ్చావులే. చిల్లర మొహం. నీ బోడి సలహా. దిగు ముందు. బావని కూడా గుర్తు తెచ్చుకోమన్నాను. ఇద్దరం కలిసి తవ్వితే ఒక పేజీ నిండలేదు. ఇరవై ఏళ్ళు రోజంతా విన్న మనిషి, ఏదో అనేదే, నోట్లోనే ఉంది, రావట్లేదు అంటూ తల పట్టుకున్నాడు. గుర్తు రాని చోట నేనే కల్పించాను. అక్కలాగే ఉన్నాయి. చదువుకుంటే నాకే నవ్వొచ్చింది.

జూన్ 28

పని చేసింది! ఇవాళ ‘నీ’ అనగానే ‘నీ బోడి సలహా’ వచ్చింది. అక్క నొక్కింది. బావ చప్పట్లు కొట్టాడు.

అక్క ఇంకేమీ నొక్కలేదు. రోజంతా.

జూలై 2

పొద్దున్నే అక్క రాయడం మొదలుపెట్టింది. కింద వచ్చిన మాట ఒక్కటీ ముట్టుకోలేదు. ఒక్కో అక్షరం. మధ్యలో వేలు జారిపోతే బావ తీసి మళ్ళీ బటన్ మీద పెట్టాడు. భోజనాల వేళ దాటాక పలికించింది.

నన్ను బాగా అనుకరిస్తున్నావ్. నేను పోయాక చెయ్యి.

జూలై 2, సాయంత్రం

కింద వచ్చే ఆ మాటల సూచనలు ఆఫ్ చేశాను.

జూలై 11

ఇవాళ మూడు మాటలు. అందులో ఒకటి బూతు. బావ మొహం చూడాలి, పెళ్ళికొడుకులా వెలిగిపోయాడు.

పక్కింటావిడ మాత్రం రెండో అక్షరానికే లేచింది. స్టవ్ మీద ఏదో పెట్టి వచ్చిందట.

జూలై 19

అక్క పొద్దున ఒక మాట మొదలుపెట్టింది. ఇంకా అవలేదు. ఆఫీసుకి ఫోన్ చేసి ఇవాళ రానని చెప్పాను.