పది రోజుల గడువు

తపచూలా,
అక్టోబరు 14

అమ్మకు,

నీ కూతురు ఎర్సీలియా వేయి దండాలు పెట్టి రాస్తున్నది. ముందుగా నీ దీవెన కావాలి. సరిహద్దు ఇవతల నేనూ, నా బిడ్డ డెల్సీ ఒంట్లో బాగానే ఉన్నాం. నువ్వూ, పెద్దమ్మ ఇంట్లో అందరూ బాగున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం మఠం సిస్టర్ ఇల్దా తెచ్చి ఇచ్చింది. మన ఊళ్లో ముఠా కుర్రాళ్లు అందరి ఫోన్లూ లాక్కుని చూస్తున్నప్పుడు ఆమె సంచి తప్ప మనకు వేరే దారేముంది? నువ్వు అడిగినవాటికి వరసగా చెబుతాను. డెల్సీ బాగా తింటోంది. బడిలో చేర్చుకున్నారు. అప్పుడే ఇక్కడివాళ్ల యాస పట్టి నన్ను వెక్కిరిస్తోంది. నేను ఇంకా ఆ భోజనాల కొట్లోనే గిన్నెలు తోముతున్నాను. ఇక్కడి మొక్కజొన్న రొట్టెలు మరీ పల్చన, రెండు తిన్నా తిన్నట్టుండదు. నీ మోకాలికి ఆకు కట్లు కట్టింది చాలు, ఇక ఆసుపత్రిలో చూపించుకో. నాహూన్ సంవత్సరీకానికి చర్చిలో పూజ చేయించావా అని అడిగావు. చేయించాను. తమ్ముడి పేరు చదువుతుంటే కూర్చోలేక బయటికి వచ్చేశాను.

శరణార్థి కాగితం సంగతి అడిగావు. జవాబు వచ్చింది. కాదన్నారు.

"నీ తమ్ముణ్ణి చంపినవాళ్లు నిన్నెందుకు వెతుకుతున్నారో చెప్పలేకపోయావు, నీ మాట నమ్మలేం" అని నాకు రాశారు. కోర్టుకు వెళ్లడానికి పదిహేను పనిదినాలు ఇచ్చారు. నేను ఆ కాగితం పరుపు కింద దాచి, రోజూ దాని మీదే పడుకున్నాను. గడువు దాటిన తొమ్మిదో రోజున వకీలమ్మ రెబెకా దగ్గరికి వెళ్లాను. చర్చి పక్క గదిలో మాలాంటివాళ్లకు ఊరికే కాగితాలు రాసిపెడుతుంది.

ఆమె తేదీ చూసి కళ్లజోడు తీసి బల్ల మీద పడేసింది.

"ఇన్నాళ్లూ ఏ గాడిదలు కాస్తున్నావమ్మా?"

"పాపకు డెంగీ వచ్చిందండీ."

"ఎన్నాళ్లు?"

"నాలుగు రోజులు."

"మరి మిగతా రోజులు ఎవరికొచ్చింది?"

నా వెనక వరసలో ఉన్న సాల్వడోరు దేశపు ముసలాయన పక్కున నవ్వాడు. "తొందరగా చెప్పు తల్లీ, నీ తర్వాత నేనే. అందాకా బతికుండాలి కదా!" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు ఏడుపు ఆగలేదు. రెబెకా వాళ్లను బయటికి పంపి తలుపు వేసింది.

"చూడు, గడువు దాటాక జడ్జి నీ మాట వినాలంటే ఆలస్యం ఎందుకైందో ప్రమాణం చేసి చెప్పాలి. అందులో అబద్ధం దొరికితే నేను కాదు కదా, నా తాత కూడా కాపాడలేడు. ఏం దాస్తున్నావు?"

ఆమెకు చెప్పిందే నీకు రాస్తున్నాను. కోర్టు కాగితాల్లోకి ఎక్కిన మాట ఇంకెవరి నోటనో నీకు చేరకూడదు.

ముఠా పని మానేసి నాహూన్ సున్నపు బట్టీ వెనక దాక్కున్న సంగతి మనిద్దరికే తెలుసు కదా. అక్కడున్నాడని పోలీసులకు చెప్పింది నేనే, అమ్మా. జైల్లో పెడితే ప్రాణమైనా దక్కుతుందనుకున్నాను. ఠాణాలో సార్జెంటు, "ఇంటికెళ్లమ్మా, ఇక వాడి సంగతి మేం చూసుకుంటాం" అన్నాడు. ఆ సాయంత్రం బట్టీ దగ్గరికి వచ్చింది పోలీసులు కాదు, ముఠావాళ్లు. ఆ సార్జెంటు వాడితోపాటు నా పేరు కూడా వాళ్లకు అమ్మేశాడు. ఠాణా మెట్లెక్కినవాళ్లను ముఠా బతకనివ్వదు.

శవం దగ్గర నువ్వు నా మెడ పట్టుకుని, "వాణ్ణి ఎత్తుకుని పెంచింది నువ్వేనే" అని ఏడ్చావు. ఆ తర్వాత నాకు నోరు పెగల్లేదు. ఇక్కడి అధికారి ముందు కూడా పెగల్లేదు. కోర్టుకు వెళితే చెప్పక తప్పదు, చెబితే నీ దాకా వస్తుంది. అదే భయంతో రోజులన్నీ పోగొట్టుకున్నాను.

అంతా రాసి సంతకం చేశాను. నిన్న జడ్జి ఆలస్యాన్ని మన్నించి, సాక్ష్యం తెచ్చుకోమని పది రోజులు గడువు ఇచ్చాడు. నాకు సంతోషించే ఓపిక కూడా లేకపోయింది. "నీ మాట ఒక్కటే చాలదు. ఆ సార్జెంటు నిన్ను వెతకడం చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది రెబెకా.

చూసింది నువ్వొక్కదానివే. తమ్ముణ్ణి పాతిపెట్టిన మర్నాడు అతను మనింటికి వచ్చి, ఎర్సీలియా ఎక్కడ అని అడిగాడని నువ్వే చెప్పావు. పరామర్శకు వచ్చాడనుకుని నువ్వు కాఫీ కలిపిచ్చావు. బయట బండిలో ఇద్దరు కూర్చున్నారన్నావే, వాళ్లు పోలీసులు కారు, ముఠావాళ్లు.

సిస్టర్ ఇల్దా మన ఊళ్లో ఒక్కరోజే ఉంటుంది. నువ్వు చూసింది చూసినట్టు రాసి, పాదిరిగారి ఎదుట సంతకం పెట్టి ఆమెకు ఇవ్వాలి. నీ కొడుకు చావుకు కారణమైనదాని కోసం అడుగుతున్నాను. అడగడానికి నాకు మొహం లేదు. నీ సంతకం బయటపడితే నీకూ ముప్పేనని తెలిసీ అడుగుతున్నాను.

రాయడానికి నీకు చెయ్యి రాకపోతే సిస్టర్‌ను ఉత్త చేతులతోనే పంపు. కారణం అడగను. అప్పుడు మమ్మల్ని బస్సెక్కించి సరిహద్దు దాటిస్తారు. నేను నీ ఇంటి వైపు రాను, వాళ్లు నా వెనకే వస్తారు. డెల్సీని మాత్రం సిస్టర్‌తో పంపుతాను. నా మీది కోపం దాని మీద చూపించకు. లోపలికి పిలువు.

ఇట్లు,
నీ కూతురు,
నాహూన్ అక్క,
ఎర్సీలియా