బాజాలన్నీ నావే, బండ్లన్నీ నీవే

తమ్ముడు గెంచోకు పై ఊరి నుంచి అన్నయ్య వెల్కో దీవించి రాసేది.

ఒరేయ్, నా జోర్నిత్సా పన్నెండో తరగతి ముగించిందిరా! ముసలితనంలో పుట్టిన పిల్ల, నిన్నమొన్నటిదాకా నా మోకాలెత్తు! శనివారం పట్నంలో బడి వీడ్కోలు విందు. పిల్ల గడప దాటుతుంటే దారి శుభంగా సాగాలని మీ వదిన ముందు నీళ్లు పోస్తుంది, ఊరంతా చూస్తుంది. బిడ్డ పెద్దదయిందని లోకానికి చాటే సాయంత్రం అదొక్కటే కదా! నీ కొడుకు కాలిన్‌దీ ఆ రోజేనట. పాపం, ఒక్క అకార్డియన్ అయినా పెట్టించు.

ఇట్లు,
పొంగిపోతున్న అన్నయ్య.

తా.క. నేను రెండు సన్నాయిలు, ఒక డోలు పెట్టాను. ఊరికే చెప్పాను.

అన్నయ్యకు కింది ఊరి గెంచో నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి కడుపు నిండింది. కాస్త మండింది కూడా. చిన్నప్పుడంతా నీ పాత చొక్కాలే తొడిగాను. నా కొడుకు మాత్రం నీ కూతురి వెనక నడవడు. ఎనిమిది మంది బూరల మేళం మాట్లాడాను.

ఇట్లు,
నీ తమ్ముడు.

తా.క. మీ ఊరి కసాయి దగ్గరి గొర్రెపిల్లలన్నీ నేనే కొనేశాను.

గెంచోకు,

గొర్రెపిల్లలు పోతే పోనీ. జిల్లాలో బూర ఊదే నోళ్లన్నీ కుదుర్చుకున్నాను, నీ ఎనిమిది మందితో సహా. నీ కొడుకు మూకీ సినిమాలోలా వెళ్లాలి. ఆనందం పట్టలేకపోతున్నానురా!

ఇట్లు, అన్నయ్య.

తా.క. టాపు లేని కారు ఒక్కటీ దొరకడం లేదు. నీకేమైనా తెలుసా?

అన్నయ్యకు,

తెలుసు. అన్నీ నా వాకిట్లోనే ఉన్నాయి. ఒకదాంట్లో కాలిన్ కూర్చుంటాడు. మిగతావాటిలో కోళ్లెక్కి పడుకున్నా సరే, నీకివ్వను. నీ కూతుర్ని ట్రాక్టరెక్కించు.

ఇట్లు, గెంచో.

తా.క. కార్ల అద్దె కోసం ఇంట్లో కాచిన రాకియా సారా పీపాలు అమ్మేశాను. నీ మరదలు నాతో మాట్లాడడం లేదు.

తమ్ముడూ,

నిన్న మేళాలన్నీ నా వాకిట్లో మోగుతుంటే నేను ట్రాక్టరు తుడుస్తూ ఏడుస్తున్నాను. అంతలో నీ కార్లు బారుగా వచ్చాయి. కాలిన్ దిగి, "పెదనాన్నా, చెల్లి తయారేనా?" అన్నాడు. నా పిల్ల పట్టుగౌను ఎత్తిపట్టుకుని, "నాన్నా, బూరలవాళ్లను వెనక కార్లెక్కించు, చూస్తావేంటి!" అంది. మీ వదిన నీళ్లు పోసింది. ఇద్దరూ కార్లో నిలబడి, చదివిన తరగతులు పన్నెండూ ఊరు దద్దరిల్లేలా లెక్కపెట్టుకుంటూ వెళ్లిపోయారు.

మేళాలన్నీ కుదుర్చుకోమని నాకు నూరిపోసింది జోర్నిత్సాయే. కార్ల సంగతి నీకు ఎక్కించింది కాలిన్ అట కదా! మన కుళ్లు ఎంత దూరం పోతుందో ఇద్దరూ బడి బస్సులో కూర్చుని ముందే లెక్కేసుకున్నారట. తెల్లారి వచ్చి నవ్వుతూ తనే చెప్పింది.

మనం సాగనంపేటప్పటికే వాళ్లు పెద్దవాళ్లయిపోయార్రా! తలుచుకుంటే కళ్లు చెమరుస్తున్నాయి.

ఇట్లు,
నీ అన్నయ్య వెల్కో.

తా.క. నీ కార్లు పట్నం దాకా కనిపించాయట. నా బూరలు అవతలి కొండ దాకా వినిపించాయట. ఎవర్నైనా అడుగు.