నేసినోళ్ల పేరు

నాయనా,

వచ్చే నెలలో నా చదువు అయిపోతాది. వెబ్ డిజైన్ అంటే ఏందని శానాసార్లు అడిగినావు. అప్పుడు నాకు చెప్పేదానికి రాలేదు. ఇప్పుడు చివరి ప్రాజెక్టుకు మన ఊరి మగ్గం చీరలకే వెబ్‌సైట్ చేసినా. ఈ పొద్దు అమ్మను కడపలో ఇంటర్నెట్ సెంటర్‌కు పిల్చుకొని పోయి చూపించినా. నువ్వుంటే ఇంకా ఏమేం అడుగుతాంటివో.

నువ్వు ఆఖరున నేసిన వంకాయరంగు చీర తెర మీదికి రాగానే అమ్మ దాని అంచును వేలితో తడిమింది.

"తక్కిన చీరల కింద అక్షరాలుండాయి. దీనికి లేవేంది పాపా?"

"కింద నేసినోళ్ల పేరు రాయాల మా. నాయన పేరు ముందు కీర్తిశేషులు అని పెట్టాల్నా వద్దా అని ఆగినా."

"ఇది నేసేటప్పుడు మీ నాయన ఉండె గదా. ఉత్త పేరు రాయి."

రాసి నెట్‌లోకి ఎక్కించినా. అమ్మకు చదవను రాదు గదా, నీ పేరు యాడ మొదలయి యాడ అయిపోతాదో అడిగి తెలుసుకునింది. తర్వాత లేచి, ఖాళీగా ఉన్న పక్క కంప్యూటర్ కాడికి పోయింది.

"దీంట్లో గూడా ఉండాడా?" అనింది.

తెరిచి చూపించినా నాయనా. ఉండావు.