పొడి తువ్వాలు

అన్నయ్యకి,

ఇక్కడ అందరం కులాసాగానే ఉన్నాం, నా బుర్ర తప్ప.

నువ్వు కప్పపిల్లా అని పిలిచే నీ మేనకోడలిని స్కూలు పూల్‌లో నీ దగ్గర నేర్చుకోవడం మాన్పించి, ఆ పెద్ద ఈత క్లబ్బులో చేర్చాం కదా. ఏరికోరి తీసుకున్న పిల్లలకే అక్కడ చోటు. కన్నవాళ్ళను కూడా గేటు దగ్గరే ఆపేస్తారు. అదీ సరే అనుకున్నాను. కానీ సాయంత్రం దాని తువ్వాలు పొడిగా ఇంటికొస్తోంది. ఈత బట్టలు నేను పెట్టిన మడత పెట్టినట్టే ఉంటున్నాయి.

"నీళ్ళలోకి దిగట్లేదా?" అని అడిగితే, "ముందు మనసులో ఈదాలటమ్మా. చాప మీద పడుకుని కళ్ళు మూసుకుంటాం" అంది. కోచ్‌ని అడిగితే, "మీకు అర్థం కాదులెండి" అన్నాడు. నిజమే, కాలేదు. మా ఆయనేమో పెద్ద క్లబ్బుల పద్ధతులు అంతేనంటారు.

తీరా మొన్న పోటీలో అదే ఫస్టొచ్చింది. క్లబ్బు గేటుకి కోచ్ పక్కన అది నిలబడ్డ ఫోటో పెట్టారు. ఇక నేనేం మాట్లాడను?

ఈమధ్య పొద్దున్నే స్కూలుకి పరిగెడుతుంటే చదువు మీద శ్రద్ధ పుట్టిందని మురిసిపోయాను. ఇవాళ దాని పుస్తకాల సంచీ దులుపుతుంటే, అడుగున నీ పచ్చగళ్ళ తువ్వాలు దొరికింది, తడిసి ముద్దై.

క్లబ్బు మాన్పించాలో, ఆయనకి చెప్పాలో, నీ మీద కోప్పడాలో నాకేం పాలుపోవడం లేదు. నువ్వే ఏదో ఒకటి చెప్పు. ఈలోగా తువ్వాలు ఉతికి, ఆరబెట్టి, మళ్ళీ దాని సంచీలోనే పెట్టేశాను.

నీ చెల్లెలు