పొడుగు తుపాకీ దిగని బస్సు

కృష్ణపట్నం, మంగళవారం

ఎలిశబెతూ, ప్రభువు దయవల్ల నేను క్షేమం, పరువే కాస్త దెబ్బతింది. సెల్లు కాలవలో పడింది. మీ నంబర్లు నాకు నోటికి రావు, అందుకే ఈ కార్డు.

కాపలా డ్యూటీకి పోయే మాజీ సైనికులం కంపెనీ బస్సులో రోజూ తుపాకుల మీదే వాదించుకుంటాం. పటాలంలో నేను మోసిన పొడుగు ఎస్సెల్లారే అసలు రైఫిలనీ, ఇప్పటి పొట్టి మడత తుపాకులు, ఆ కార్బైన్లు, చిన్న తూటా బొమ్మలనీ నిన్న తేల్చేశాను.

నాతో కాపలా కాసే పెంచలయ్య నన్ను పేరుపెట్టి పిలుస్తూ లేచాడు. "అట్టయితే సమాధానమన్నా, నీ లాఠీ ఎస్సెల్లార్ పొడుగుంది, అది ఎత్తిపట్టి దిగు. నేను మడత గొడుగుతో దిగతా. శత్రువు టీకొట్టు కాడ ఉండాడనుకో."

బస్సు ఆగగానే ఆయన దిగి, గొడుగు గురిపెట్టి, టీ కూడా చెప్పేశాడు. నా లాఠీ తలుపు కమ్మీల మధ్య అడ్డంపడి నేనింకా మెట్టు మీదే ఉన్నాను. "నువ్వు చచ్చి అయిదు నిమిషాలయిందన్నా, వచ్చి టీ తాగు" అన్నాడు.

ఇసుక మైదానంలో ఇప్పటికీ పొడుగుదే పైచేయి, ఆ మాట వదలను. కానీ మన మనవరాలు అబిగయీలు కాపలా కాసేది విమానాశ్రయం. అక్కడన్నీ తలుపులు, మెట్లు, జనం. కార్బైన్ శిక్షణకు పేరివ్వొద్దని దానికి చెప్పింది నేనే. శనివారంతో గడువు. శుక్రవారం ఫోను చేస్తుందిగా, తప్పక ఇవ్వమను. తాత మాట మార్చాడని కూడా చెప్పు, నవ్వుకోనీ.

గేదె ఈనిందా? బీపీ మాత్రలు పంపు. మడత గొడుగొకటి కొని పంపు. పెంచలయ్య ఎదుట మాత్రం దాన్ని విప్పను.

దేవుని కాపుదల మీ అందరి మీద ఉండాలి.

సమాధానం