కాగితంలో లేని పైగది

చిరంజీవి తమ్ముడికి,

కింది గదిలో నీ ఆఫీసు, పైగదిలో నేను. మనకు మాటల్లేక ఏళ్ళయింది కనుక ఈ ఉత్తరం బుట్టలో పెట్టి తాడుతో దించుతున్నాను. ఇంటి మరమ్మతుకొచ్చిన మేస్త్రీ పొద్దున్నే నా మెట్లు కొట్టేశాడు. అడిగితే, నువ్విచ్చిన ప్లానులో పైగదే లేదన్నాడు. రేపు గది కూడా పడగొడతాడట. ఉండటం, లేకపోవటం గురించి లావుపాటి పుస్తకాలు చాలా చదివాను. వాటిలో ఎక్కడా మేస్త్రీ లేడు.

ఆశీస్సులతో,
అన్న

తా.క. మందులు పంపు. ప్లానులో లేనివాడికీ బీపీ ఉంటుంది.

పూజ్యులైన అన్నయ్యకు,

తప్పు నాది కాదు, కంప్యూటరుది. ఇల్లంతా ఎత్తులతో సహా త్రీడీలో గీశాం. మేస్త్రీ కోసం దాన్ని చదును చేసి టూడీ చేశాం. అప్పుడు ఎత్తులన్నీ సున్నా అవుతాయి. మీ గది సరిగ్గా నా గది మీదే ఉంది, కొలతలూ అవే. గీత మీద గీత పడేసరికి, ఒకటే రెండుసార్లు గీశామనుకుని మీ గదిని చెరిపేసింది. సరిచేస్తాను.

మీ తమ్ముడు

తా.క. చేత్తో గీసే రోజుల్లో నా గీతలు మీరు చెరిపేవారు.

తమ్ముడూ,

అంతస్తుకో కాగితం గీయాలని చెవి మెలిపెట్టి నేర్పాను. నేను గీసిన ఏ ఇంట్లోనూ గది మాయం కాలేదు. కంప్యూటరుకి చోటు కావాలని నా డ్రాయింగు బల్లను పాత సామానువాడికి అమ్మేశావు. నన్ను కొనేవాడు దొరికినట్టు లేదు. నాకు మెట్లు కావాలి.

అన్న

తా.క. మందులందాయి. నీళ్ళు మరిచావు.

అన్నయ్యకు,

సరిచేసిన ప్లాను బుట్టలో ఉంది. మీ గదీ, మెట్లూ రెండూ ఉన్నాయి. మీరు సంతకం పెడితే మేస్త్రీ పని మొదలుపెడతాడు. నేను పనిమీద ఊరెళ్తున్నాను. ఆఫీసు తాళం అతనికే ఇచ్చాను.

మీ తమ్ముడు

తా.క. అలవాటు ప్రకారం తప్పులు వెతుక్కోండి.

తమ్ముడికి,

వెతికాను. ఈసారి నీ కంప్యూటరు నా గది ఉంచి, నీ గదిని చెరిపేసింది. సంతకం పెట్టాను.

మేస్త్రీ బుద్ధిమంతుడు. "కింది గది తీసేస్తే పైది దేనిమీద నిలబడుద్ది పెద్దాయనా?" అని కిందినుంచి అడిగాడు.

"కాగితంలో నిలబడింది కదా, కానీయ్" అన్నాను.

మెట్లు ఆఖర్న కడతాడట. నీ కంప్యూటర్ల వెనక గోడకి మొదటి దెబ్బ ఇప్పుడే పడింది. మంచం ఊగుతోంది. అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు.

ఆశీస్సులతో,
అన్న

తా.క. ఇక బుట్ట అక్కర్లేదు. నేనే దిగి వస్తున్నాను.